కారణం కాగితం మీద రాయండి

తుపాకి అన్న మాట పక్కన ముస్లిం పేరు కనబడితే చాలు, చదివేవాళ్ల కళ్లు మారిపోతాయి. సినిమా, పేపరు, టీవీ కలిసి ఆ రెండింటికీ ఎప్పుడో నిఖా చేసేశాయి. మాకు తెలిసిన తుపాకి వేరే. అది చెనిక్కాయ చేలో మంచె మీద దాదా పక్కన పడుకున్న తుపాకి.

మాది సోమల. చుట్టూ గుట్టలు, అడివి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. దాదాకు నాలుగెకరాల మెట్ట ఉండేది. చీకటి పడితే అడివిపందులు దిగేవి. ఆ జంతువు పేరు మా ఇంట్లో నోటితో పలకరు, 'బద్ జానవర్' అంటారు. పేరు కూడా పలకని ఆ జంతువే మా పంటంతా తవ్వి తినిపోయేది. అందుకే దాదా దగ్గర మందు కూరి పేల్చే నాటు తుపాకి ఒకటి, దానికి లైసెన్సు ఒకటి ఉండేవి. దాంతో కొట్టింది తక్కువ, చప్పుడు చేసి బెదరగొట్టింది ఎక్కువ. ఎన్నికలొస్తే తుపాకిని గోనెపట్టాలో చుట్టుకుపోయి పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. పక్క చేని రెడ్డోరికీ లైసెన్సుండేది. ఇద్దరూ ఒకే బండిలో పోయి ఒకే బండిలో వచ్చేవాళ్లు.

దాదా 2008లో పోయాడు. లైసెన్సు అబ్బా పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాం. విచారణకు వచ్చినాయన పందుల సంగతి ఒక్క మాట అడగలేదు. హైదరాబాదులో మీవాళ్లు ఎవరున్నారు, గల్ఫులో ఎవరున్నారు, మీ మసీదుకు బయటినుంచి ఎవరొస్తుంటారు? ఇవీ ప్రశ్నలు. చివరికి, "టైం బాగలేదు భాయ్, మీకెందుకు ఇవన్నీ?" అన్నాడు. అప్పటికి మక్కా మసీదు పేలుడు జరిగి ఏడాది దాటింది. 2007లో ఆ పేలుడు తర్వాత పట్టుకుపోయిన కుర్రాళ్లలో నిర్దోషులుగా బయటపడినవాళ్లకు తర్వాత ప్రభుత్వమే పరిహారం ఇచ్చిందని అందరికీ తెలుసు. పరిహారం వాళ్ల దాకా వచ్చింది. అనుమానం మాత్రం సోమల గుట్టల దాకా వచ్చింది.

మా అర్జీ మీద 'ఇస్తాం' అని రాయలేదు, 'ఇవ్వం' అనీ రాయలేదు. అదే ఏడు, అదే గుట్ట కింద, అదే పందుల కోసం రెడ్డోరి లైసెన్సు రెన్యూవల్ అయింది. ఆయన మీద మాకు కోపం లేదు. మా చేలో పందులు పడినా ఆయనే వచ్చి పేల్చాడు. కానీ మా చేను కాచుకోవడానికి మేమెందుకు పనికిరాలేదు?

చట్టం ఏమంటుందో చూద్దాం. 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. ఈ దేశస్తులకు లైసెన్సు తప్పనిసరి, దొరలకు మినహాయింపు. మనిషిని చూసి తుపాకి ఇవ్వడమన్నది అక్కడే చట్టానికెక్కింది. ఆ అవమానం గుర్తుండబట్టే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం కలిగివుండే హక్కును కూడా చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం సవరణ తెస్తే అది వీగిపోయింది. 19వ అధికరణం మనకిచ్చింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు. అది మంచిదే అంటాం మేము.

ఆయుధాలు కేంద్ర జాబితాలోని విషయం. అమలులో ఉన్నది 1959 నాటి చట్టం. 2019లో దాన్ని సవరించి, ఒక మనిషికి మూడు తుపాకులుండొచ్చన్న చోట రెండే అన్నారు. శాసనం ఢిల్లీది, ఫైలు మాత్రం ఇక్కడిది. పోలీస్ స్టేషన్ నివేదిక పంపాలి, కలెక్టరు లాంటి అధికారి నిర్ణయించాలి. పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకి అడిగే రైతును ఆ చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ కాదనకూడదని 14వ సెక్షను చెబుతుంది. ఇచ్చినా ఇవ్వకపోయినా రాతపూర్వకంగా ఉత్తర్వు వేయాలి. కాదంటే కారణాలు నమోదు చేయాలి. అప్పీలుకు కూడా దారి ఉంది. నోటిమాట మీద అప్పీలుకు ఎలా పోతాం?

అమెరికాలో తుపాకి చట్టం రాష్ట్రానికొక తీరు. 2021 నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండానే పిస్తోలు పెట్టుకు తిరగొచ్చు. ప్రత్యేక అవసరం చూపిస్తేనే తుపాకి మోయనిస్తామన్న న్యూయార్క్ నియమాన్ని 2022లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ బడిపిల్లలు తూటాలకు రాలిపోవడం చూస్తున్నాం. అలాంటి హక్కు మాకు వద్దు. అవసరం చూపించమని అడగండి, తప్పు లేదు. మేము చూపించిన అవసరాన్ని చూడమంటున్నాం, అంతే.

అడివిపందిని చంపాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. ఆ కట్టడీ మాకు తెలుసు. కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు దిగితే రైతు డప్పులు కొట్టి, టపాకాయలు పేల్చి కాచుకోవాల్సిందే. దారి దొరకని చోట కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. దానికి పంది ఒక్కటే చావదు, మనుషులూ చస్తున్నారు. తీగకు మతం లేదు.

సీమ ఫ్యాక్షన్లలో బాంబులు, వేటకొడవళ్లు తిరిగిన ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్ల కులాన్నంతా ఎవరూ అనుమానించరు. అనుమానించకూడదు కూడా. ఆ న్యాయం మాకూ కావాలి. ఎక్కడో ఎవడో చేసినదానికి సోమలలో చెనిక్కాయ రైతు జవాబు చెప్పాల్సిన పనిలేదు.

దాదా తుపాకి స్టేషన్లోనే ఉండిపోయింది. అబ్బా మెట్ట కౌలుకిచ్చేశాడు. ఇప్పుడు మాకు తుపాకి అక్కర్లేదు. కానీ రేపు ఏ ఖాదర్ సాబో, ఏ దూదేకుల రైతో అర్జీ పట్టుకుని మీ బల్ల ముందు నిలబడితే, పేరుకంటే ముందు చేను చూడండి. ఇవ్వకూడదనిపిస్తే ఇవ్వకండి. కారణం మాత్రం కాగితం మీద రాయండి. రాయడానికి సిగ్గుపడే కారణమైతే, అది కారణమే కాదు.