పిట్టలు నాటిన చెట్టు

సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, హైదరాబాద్‌లో పిల్లలున్న ఇళ్లకు గుర్తొచ్చే పేరు ధూల్‌పేట్. చవితికి వినాయకుడి విగ్రహాలు, పండక్కి పతంగులు... ఈ రెండింటి కోసం నగరం నలుమూలల నుంచీ జనం అక్కడికే వెళతారు. ఈసారి మావాడి పోరు పడలేక నేనూ వెళ్లాను. పతంగులు కొందామని వెళ్లి చెట్లు చూసి వచ్చాను!

ఇరుకు సందు. రెండు పక్కలా రంగురంగుల కాగితాలు, వెదురు పుల్లలు, దారం చుట్టిన చరఖాలు. ఓ దుకాణం పక్కన పాతకాలపు గోడ. దాని పగుల్లోంచి వంకర తిరిగి పైకి లేచిందో రావిచెట్టు. కింద మట్టి లేదు, పాదు లేదు, నీళ్లు పోసేవాళ్లూ లేరు.

'నాన్నా, గోడలో చెట్టు ఎవరు నాటారు?' అన్నాడు మావాడు.

నేను నోరు తెరిచేలోపే దుకాణంలో కూర్చున్న పెద్దావిడ నవ్వింది. 'ఎవ్వలూ పెట్టలే బేటా. పిట్టలు పెట్టినయ్!'

అంతలో కొమ్మల్లోంచి 'టుక్... టుక్... టుక్' మంటూ చప్పుడు. కంసాలి సుత్తితో రేకు కొడుతున్నట్టే ఉంటుంది. అందుకే దానికి కంసాలిపిట్ట అని పేరు. ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్ర బొట్టు. పిడికెడంత పిట్ట, సందు మొత్తానికీ వినిపించే గొంతు!

పండు నీకు... విత్తు నాకు

రావి, మర్రి, మేడి ఒకే కుటుంబం. వీటికి పువ్వులే పూయవనుకుంటాం కానీ పువ్వులన్నీ కాయ లోపలే దాగి ఉంటాయి. చీమకన్నా చిన్నదైన ఓ కందిరీగ కాయలోకి దూరి వాటికి పుప్పొడి అందిస్తుంది. రావికి రావి కందిరీగ, మర్రికి మర్రి కందిరీగ. ఒకదాని పని మరొకటి చెయ్యదు. కాయ పండాక పిట్టల వంతు. కంసాలిపిట్ట, కోయిల, గోరువంక, పిగిలిపిట్ట... అన్నీ విందుకు దిగుతాయి. గింజ వాటి కడుపులో అరగదు. రెట్టతో పాటు గోడ మీదో, పిట్టగోడ పగుల్లోనో, మరో చెట్టు కొమ్మల సందునో పడి మొలకెత్తుతుంది. చెట్టు తిండి పెడుతుంది, పిట్ట ఊరూరా విత్తుతుంది.

తిండితోనే సరిపోదు. కంసాలిపిట్ట ఎండిన మెత్తటి కొమ్మను ముక్కుతో తొలిచి తొర్ర చేసుకుంటుంది. అది ఖాళీ చేసిన తొర్ర మరో పిట్టకు ఇల్లవుతుంది. ముసలి చెట్టంటే పిట్టలకు ఓ అపార్ట్‌మెంటే.

అలాగని రావి ఏ పాపమూ ఎరగదని కాదు. పాత కట్టడాల గోడల్లో వేళ్లు దించి రాళ్లను విడదీస్తుంది. మన చెట్టయినా సరే, చోటు చూసి పెంచుకోవాల్సిందే.

పురానాపూల్ కింద...

పతంగులు చంకన పెట్టుకుని పురానాపూల్ వైపు నడిచాం. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన వంతెన ఇది. కింద నది ఒడ్డున ముళ్ల పొదలు దట్టంగా కనిపించాయి. సర్కారు తుమ్మ!

పేరులో సర్కారు ఉంది కానీ పుట్టిల్లు ఇక్కడ కాదు, మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతం. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు దొరుకుతుందనీ, బీడు భూములు పచ్చబడతాయనీ ఆశ. ఆ ఆశ తీరింది. ఎన్నో పేదిళ్లలో పొయ్యి వెలిగించింది ఈ తుమ్మే. కానీ అది అక్కడితో ఆగలేదు. చెరువు గట్లూ, వాగులూ ఆక్రమించింది. దాని నీడలో వేరే మొక్క లేవడం కష్టం.

పిట్టలు దీని మీదా గూళ్లు కడతాయి. మరి నష్టమేమిటంటారా? తమిళనాడులోని వేట్టంగుడి పక్షుల అభయారణ్యంలో నీటిపక్షుల గూళ్లను గమనించిన పరిశోధకులు 2014లో ఆ సంగతి చెప్పారు. నల్లతుమ్మ మీది గూళ్లతో పోలిస్తే సర్కారు తుమ్మ మీది గూళ్లలోంచి గుడ్లూ, పిల్లలూ ఎక్కువగా జారిపడుతున్నాయట. పిట్ట వాలిందంటే అది క్షేమంగా ఉన్నట్టు కాదన్నమాట!

విచిత్రం ఏమిటంటే, దసరాకు మనం పూజించే జమ్మి ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. పండగనాడు జమ్మి ఆకు పంచుకుని, పాలపిట్టను చూసి దణ్నం పెట్టుకుంటాం. 2014లో తెలంగాణ ఆ రెంటినీ రాష్ట్ర వృక్షంగా, రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. పాలపిట్ట గుడ్లు పెట్టేదీ ముసలి చెట్ల తొర్రల్లోనే. ఆ చెట్లు లేకపోతే దసరాకు పాలపిట్టను ఎక్కడ వెతుక్కుంటాం?

వచ్చినవన్నీ పరాయివేనా?

అలా అనుకుంటే పొరపాటే. మన పప్పులోకీ, పులిహోరలోకీ దిగే చింతపండు పుట్టిల్లు ఆఫ్రికా. ఎప్పుడో వేల ఏళ్ల కిందట వచ్చి ఇక్కడి మట్టిలో, ఇక్కడి వంటలో కలిసిపోయింది. పురానాపూల్ నుంచి మూసీ వెంట కిందికి వెళితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఓ చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు వరదల్లో సుమారు 150 మంది దాని కొమ్మలెక్కే ప్రాణాలు దక్కించుకున్నారు. దాన్ని పరాయిదని ఎవరంటారు? ధూల్‌పేట్‌నే చూడండి. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధీల చేతుల్లోనే కదా మన బొజ్జ గణపయ్య రూపు దిద్దుకునేది!

మన పిట్టలూ పరాయి గడ్డకు వెళ్లాయి. పురుగుల్ని తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లిన గోరువంక ఇప్పుడు ఆస్ట్రేలియాలో అక్కడి చిలకల తొర్రల్ని లాక్కుంటోంది. లండన్ పార్కుల్లో మన రామచిలకలు గుంపులుగా తిరుగుతున్నాయి. స్పెయిన్‌లోని సెవిల్లెలో అవే చిలకలు చెట్టు తొర్రల కోసం అరుదైన గబ్బిలాల మీద దాడి చేస్తున్నాయి. ఇక్కడ ముద్దొచ్చేదే అక్కడ బెడద. తప్పు పిట్టదీ కాదు, చెట్టుదీ కాదు. ముందూ వెనకా చూడకుండా చోటు మార్చిన మనిషిది.

మా వీధి కథ

ఇంటికొస్తుంటే నా తప్పూ గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట మా కాలనీలో ఏ మొక్కలు వేద్దామన్న చర్చ వచ్చినప్పుడు కోనోకార్పస్‌కు చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఏడాదిలో పచ్చటి గోడలా లేస్తుంది, మేకలు ముట్టవు, ఇంకేం కావాలి అనుకున్నాం. లేచింది కూడా! కానీ దాని కాయలో గుజ్జుండదు. పిట్టకు పెట్టేందుకు దాని దగ్గర ఏమీ లేదు. పైగా పుప్పొడి వల్ల ఎలర్జీ వస్తుందని ఫిర్యాదులు. తెలంగాణలో దాన్ని ఇక నాటొద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. మా కాలనీ వాళ్లూ ఆ వరస కొట్టేయించారు. ఇప్పుడా గుంతల్లో ఏం వెయ్యాలన్నదే ప్రశ్న.

మళ్లీ త్వరగా పెరిగేదే కావాలంటున్నారు కొందరు. ఈసారి నేను చెప్పబోయేది వేరు. ఇళ్ల మధ్య కానుగ, నేరేడు, పొగడ వేద్దాం. పార్కులో, గోడలకు దూరంగా ఓ రావి, ఓ మేడి. నాలుగేళ్లు ఆలస్యమైతేనేం, వాటితో పాటు పిట్టలూ వస్తాయి.

అన్నట్టు, ధూల్‌పేట్‌లో మావాడు నైలాన్ మాంజా ఊసెత్తలేదు. నూలు దారమే కొన్నాం. కొమ్మలకు చుట్టుకున్న నైలాన్ దారం పిట్టల రెక్కలు కోసేస్తుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది.

ఇంటికి రాగానే వాడు నేరుగా డాబా మీదికి పరిగెత్తాడు. పతంగి ఎగరెయ్యడానికే అనుకున్నాను. కాసేపటికి కేక వినిపించింది. 'నాన్నా, మన పిట్టగోడ పగుల్లో కూడా ఉంది!' వెళ్లి చూస్తే రెండే రెండు ఆకులతో రావి మొలక. గోడ పాడవుతుంది, పీకెయ్యమంది అమ్మ. పీకాం, వేరు తెగకుండా! ఇప్పుడది కుండీలో ఉంది. వానలు పడగానే పార్కులోకి మారుస్తాం.

దాన్ని ఎవరు నాటారని మావాడు ఈసారి అడగలేదు.