గండికోటలో చుట్టాల్లేరు

ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లందరికీ ఆయన ‘ఐవారు’, ఆవిడ ‘ఐవారమ్మ’. ముప్పై ఆరేళ్ల బడి ఉద్యోగంలో ఐవారు ప్రయాణాలకు ఒకటే సూత్రం పెట్టుకున్నారు. చుట్టాలున్న ఊరికే పోవాలి. కర్నూల్లో చెల్లెలు, నంద్యాలలో మేనమామ కొడుకు, కడపలో షడ్డకుడు. ఇక లాడ్జీ మాటెందుకు? ‘మనోళ్ల ఇల్లు పెట్టుకోని, దుడ్లిచ్చి పండుకునేదేంది?’ అనేవారు.

ఆయన లెక్క తప్పు కాదు. రాయలసీమలో చుట్టాన్ని లాడ్జీలో దిగనిస్తే ఇంటివాళ్లకు నామోషీ. కాకపోతే ఆ లెక్కలో ఐవారమ్మ లేదు. ఏ ఊరు పోయినా బస్సు దిగిన పది నిమిషాలకు ఆవిడ ఆ ఇంటి వంటగదిలో ఉండేది. ఎవరూ రమ్మనరు. ఒకామె పొయ్యి ముందు చెమటలు కక్కుతుంటే కుర్చీలో కూర్చోవడం ఆవిడకు చేతకాదు. కర్నూలుకు ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదు. కొండారెడ్డి బురుజును చూసింది మాత్రం ఆటోలోంచే. ఐవారు బావతో ఊరంతా తిరిగొచ్చాక ‘ఏముంది ఆడ?’ అని అడిగితే, ‘చెప్తే యాడొస్తాది, చూడాల గానీ’ అనేవారు.

2018లో ఐవారు రిటైరయ్యారు. మహానందికి పోదామనుకుని నంద్యాలకు ఫోన్ చేయబోతుంటే ఆవిడ వంకాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే అంది. ‘గది తీసుకుంటేనే నేనొస్తా. లేదంటే మీరు పోయిరాండి.’ గొంతు పెంచలేదు. కానీ ఆ నోట ‘లేదంటే’ అనే మాట ఐవారు అంతకు ముందు విన్నది లేదు. ఫోన్ పక్కన పెట్టారు.

మహానందిలో దేవస్థానం గదికి కట్టిన డబ్బు ఆయనకు రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది. తెల్లారి కోనేటి గట్టున చూస్తే ఆవిడ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. అడుగున పడిన పైసా కూడా కనిపించేంత తేట నీళ్లవి. గంటసేపు అట్లాగే కూర్చుంది. ‘అక్కా, ఉప్పు డబ్బా యాడ పెట్టినావ్?’ అని పిలిచేవాళ్లు లేరు. ఆ తర్వాత గది డబ్బు ఊసు ఆయన ఎత్తలేదు.

అప్పటి నుంచి ఐవారు ఒక నోటుబుక్కు పెట్టారు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే పోయాడు. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, సరుకులు దొరుకుతాయా అన్నది రాసుకుంటూ పోయాడు. ఆ కాశీయాత్ర చరిత్ర చదివాక ఐవారికీ రాయాలనిపించింది. ఆయన గళ్లు వేరే. నీళ్లు మంచివా, ఉప్పువా? గదికి ఎన్ని మెట్లు? వెస్టర్న్ దొడ్డి ఉందా? బస్టాండు ఎంత దూరం? తెల్లవారుజామున వేడినీళ్లు వస్తాయా? అరవై దాటిన మోకాళ్లకు గోపురం ఎత్తు కంటే గదికెక్కే మెట్లే ముఖ్యం. రెండో అంతస్తులో గది చవకని తీసుకుని రాత్రంతా కాళ్లు పిసుక్కున్న ఊరు ఒకటుంది. దాని ఎదుట ఎర్ర ఇంకుతో గీత గీశారు.

2022లో జిల్లాలు విడిపోయి మహానంది, అహోబిలం, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయాయి. ఐవారి నోటుబుక్కులో మాత్రం అవన్నీ కర్నూలు జిల్లా పేజీల్లోనే ఉన్నాయి.

అన్నిటికన్నా విచిత్రం గండికోట. ప్రొద్దుటూరుకు ఎంతో దూరం లేదు, జమ్మలమడుగు దాటితే వచ్చేస్తుంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండి గురించి ఐవారు ఎన్ని తరగతులకో పాఠం చెప్పారు. పిల్లల్ని తీసుకుపోయి రంగనాథస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం చూపించి, పొద్దు వాలకముందే వెనక్కి తెచ్చేవారు. ఒక్క రాత్రి కూడా అక్కడ ఉండలేదు. కారణం? గండికోటలో చుట్టాల్లేరు! రిటైరయ్యాక పర్యాటక శాఖ హరిత హోటల్లో దిగి, పొద్దు పొడిచే వేళకు ఇద్దరూ గండి అంచుకు చేరారు. కింద పెన్న ఇంకా నల్లగా ఉండగానే ఎదుటి బండలు ఎర్రబడ్డాయి. ‘ఇన్నేండ్లు పిలకాయలకు ఏం చెప్పినారు మీరు?’ అంది ఐవారమ్మ.

బెలూం గుహలు ఒక పూట పని. 2002 నుంచి జనాన్ని లోపలికి అనుమతిస్తున్నారు. భూమి కింద మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న గుహలో నడవనిచ్చేది సగం దూరమే. అదీ ఉక్కలో. ఆ రాత్రికి బనగానపల్లె దాటి యాగంటిలో పడుకోవడం మేలని నోటుబుక్కు మాట.

శ్రీశైలం కథ వేరు. అడవిదారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను పోనివ్వరు. పులుల అభయారణ్యం కదా. సాయంత్రం బస్సు తప్పితే దోర్నాలలోనే తెల్లారాలి. అది తెలిసి వెలుగుండగానే చేరారు. అక్కడ దాదాపు ప్రతి కులానికీ ఒక సత్రముంది. గది చవక, వేళకు అన్నం. ఒక సత్రంలో కౌంటర్ దగ్గర గుమాస్తా మర్యాదగానే అడిగాడు. ‘మీరేమోళ్లు సార్?’ ‘ఐవార్లం’ అన్నారు ఈయన. ‘అది ఉద్యోగం సార్’ అని నవ్వాడతను. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఆ గడి ఐవారు కొన్ని వేలసార్లు నింపుంటారు. కొందరు పిల్లలు గట్టిగా చెప్పేవాళ్లు, కొందరు నేలచూపులు చూస్తూ చెప్పేవాళ్లు. ఆయన సంచి తీసుకుని బయటికొచ్చి, దేవస్థానం గది కోసం గంటన్నర వరుసలో నిలబడ్డారు. ‘అన్నం పెట్టే చోట అడిగితే ఏమాయె?’ అని ఆవిడ. దిక్కులేని ముసలివాళ్లకు ఆ సత్రాలే పెద్ద ఆధారమన్న మాట నిజమే. ఈ సంగతి మీద ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. నోటుబుక్కులో దానికి గడి లేదు.

అహోబిలంలో దిగువన గది. ఎగువ అహోబిలం దాకా ఇద్దరూ పోయారు. జ్వాలా నరసింహుడి దారి చూసి ఐవారి మోకాళ్లు మొరాయించాయి. ఆవిడ మాత్రం చేతికర్ర పట్టుకుని ఎవరో ఆడవాళ్ల గుంపుతో భవనాశిని వెంట రాళ్లెక్కి పోయింది. ఐవారు మంటపంలో చెప్పులకు కాపలా. గంట, రెండు గంటలు, మూడు. వచ్చాక ‘ఏముంది పైన?’ అని అడిగితే, ‘చెప్తే యాడొస్తాది, చూడాల గానీ’ అంది. ఆవిడకు గుర్తుండి అన్నదో, ఊరికే అన్నదో ఆయన అడగలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆవిడకు సున్నా టికెట్టు. ఈయనకు పెద్దవాళ్ల రాయితీ పావు వంతే. ‘నా టికెట్టు దుడ్లు గదికి కలపండి, కింది అంతస్తు దొరుకుతాది’ అంటుంది.

ఇన్నిటిలో తేలనిది కర్నూలు. చెల్లెలి ఇల్లున్న ఊళ్లో లాడ్జీ తీసుకున్నారని తెలిసి ఆమె ఫోన్లోనే ఏడ్చింది. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు ఆ ఇంటివాళ్లు ఆరుగురూ కట్టుబట్టలతో ప్రొద్దుటూరు వచ్చి నెల పైనే ఉన్నారు. ‘నెల దినాలు నీ చేతి కూడు తిన్యాం వదినా. ఇప్పుడు మా ఊరొచ్చి లాడ్జీలో పండుకుంటే నా మొగం యాడ పెట్టుకోవాల?’ ఐవారమ్మ దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం భోజనానికి పోయారు. పది నిమిషాలకు ఆవిడ చేతిలో మళ్లీ కత్తిపీట ఉంది. ఆడబిడ్డ అది చూసింది, ఏమీ అనలేదు.

సాయంత్రం ఆమె ‘ఆ గదేందో చూస్తా’ అంటూ వెంట వచ్చింది. దుప్పటి తడిమింది, కొళాయి తిప్పింది, మంచం మీద కూర్చుంది. కుర్రాడు టీ తెచ్చి బల్లమీద పెట్టిపోయాడు. తాను పెట్టని టీ తాగుతూ చాలాసేపు మాట్లాడలేదు.

‘వదినా, మంత్రాలయం ఎప్పుడు పోతారు?’

‘వచ్చే నెల. గురువారం కాకుండా, రద్దీ తక్కువుంటాది. ఎందుకు?’

‘మూడు మంచాల గది దొరకదా?’

‘మరి మీ ఆయనకు అన్నం?’

‘రెండు దినాలు హోటల్లో తింటాడులే.’