చివరి అచ్చు

షికాగో శివార్లలోని షామ్‌బర్గ్‌లో కొడుకు ఇంటికి వచ్చిన ఒక తల్లి ఆ ఊరిని ‘షామ్‌బర్గు’ అంటుంది. ఏడేళ్ల మనవడు వెంటనే సరిదిద్దుతాడు: “షామ్‌బర్గ్, నానమ్మా! బస్సు కూడా కాదు, బస్.” మొదట్లో ఆమె నవ్వేది. పోనుపోను మాట చివరి అచ్చును మింగేయడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకు మాట్లాడటమే తగ్గించింది.

ఆమె పక్షాన సాక్ష్యం చెప్పగల పుస్తకం 1858లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం. నామాల చివర చేరే డు, ము, వు, లు అందులో ప్రథమా విభక్తి ప్రత్యయాలు. వాటి చేయూతతోనే సంస్కృతపు ‘రామ’ రాముడై, ‘వన’ వనమై, ‘తరు’ తరువై తెలుగింట అడుగుపెట్టాయి.

ఇంగ్లీషు మాటలకు జరిగిన మర్యాద వేరు. ఉద్దేశం మాత్రం అదే. హ్రస్వం తరువాతి హల్లు రెట్టించి ఉకారం చేరుతుంది: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘం తరువాత రెట్టింపు అక్కరలేదు: కారు, రైలు. చ, జల తరువాత సాధారణంగా ఇకారం వస్తుంది: బెంచి, బ్రిడ్జి. ఏ బడిలోనూ నేర్పని ఈ నియమాన్ని అక్షరం రానివారు సైతం తప్పరు. జపాను వారి నోట కూడా బస్సు ‘బసు’ అవుతుంది. దీనిని ఉచ్చారణలోని లోపం అనడం అన్యాయం. వచ్చిన మాటను ఇంటి మనిషిని చేసుకునే పద్ధతి ఇది.

ఆ మాటకొస్తే మనవడి ‘షామ్‌బర్గ్’ మాత్రం అసలుదా? 19వ శతాబ్దంలో జర్మన్ వలసదారులు తమ స్వస్థలం పేరును ఈ ఊరికి తెచ్చారు. జర్మన్‌లో అది ‘షౌమ్‌బుర్క్’. రాతలో గకారమున్నా పదాంతంలో పలికేది కకారమే. ఇంగ్లీషు దానిని తన నోటికి తగినట్లు మార్చుకుంది. నానమ్మ చేసినదీ అదే పని.

తెలుగు పదాంతపు అచ్చుకు మరో ప్రయోజనం ఉంది. దానిని సాగదీస్తే పిలుపవుతుంది: అమ్మ, అమ్మా. హల్లుతో ముగిసే పేరును దూరానికి వినిపించేలా పిలవడం కష్టం. ఒక సాయంత్రం పార్కులో మనవడు చెరువు గట్టు దాకా పరుగెత్తాడు. ఆమె నేర్చుకున్న జాగ్రత్తంతా మరిచిపోయి, కిరణ్‌ను ‘కిరణూ’ అన్నట్టు, వాడి పేరు చివర ఒక దీర్ఘం తగిలించి గొంతెత్తి పిలిచింది.

వాడు ఆగి వెనక్కి వచ్చాడు. ఆ పిలుపును మాత్రం సరిదిద్దలేదు.