గీత దగ్గర ఆగాలి

పొద్దున్నే ఆరున్నరకి బెంజ్ సర్కిల్లో ఆటో ఎక్కాను. బందరు రోడ్డు మీద అప్పటికింకా ఎండ పడలేదు. ఆటోనగర్ గేటు దాటితే విజయవాడలోనే ఇంకో ఊరు మొదలవుతుంది. లారీలకి బాడీలు కట్టే షెడ్లు, టైర్ల కొట్లు, లేతు మిషన్లు, రేడియేటర్లు బాగుచేసే ఇరుకు గదులు. నేను వెళ్ళింది అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఓ సెకండ్ హ్యాండ్ కార్ల యార్డుకి. ఏ బండి వచ్చినా ముందు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు, అమ్మకం సంగతి తర్వాత. "ఏడింటికల్లా వచ్చెయ్యండి. ఎనిమిది దాటితే అసలు చూడాల్సింది చూడలేరు" అని ఓనరు గారు ముందురోజు ఫోన్‌లో గట్టిగా చెప్పారు.

నేను వెళ్ళేసరికి 2018 మోడల్ తెల్ల డిజైర్, డీజిల్ బండి, మిగతావాటికి దూరంగా విడిగా నిలబెట్టి ఉంది. వీడియో తీసే కుర్రాడు కాలరుకి చిన్న మైకు తగిలించుకుని, ఫోన్‌ని గింబల్‌కి బిగిస్తున్నాడు. ఓనరుని బాబాయ్ అని పిలుస్తాడు గానీ చుట్టరికం ఏమీ లేదు. కార్లు కడగడానికి వచ్చి, కెమెరా దాకా ఎదిగాడు.

అతను మొదట చేసిన పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. "బండి చల్లగా ఉంది, చూడండి. రాత్రి నుంచి స్టార్ట్ చెయ్యలేదు" అని చెప్పి, అప్పుడు తాళం తిప్పాడు. ఏడింటికే ఎందుకు రమ్మన్నారో నాకప్పుడు అర్థమైంది. వేడెక్కిన ఇంజను చాలా జబ్బులు దాచేస్తుంది. రాత్రంతా చల్లబడ్డ ఇంజను ఎన్నో సెల్ఫ్‌కి అందుకుంది, పొగ ఏ రంగులో వచ్చింది, శబ్దం ఎంతసేపటికి కుదురుకుంది అన్నది చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది. కుర్రాడు సైలెన్సరు దగ్గర తెల్లగుడ్డ పట్టి చూపించాడు. తర్వాత ఇరవై సెకన్లు నోరు విప్పలేదు. ఇంజను చప్పుడు ఒక్కటే. ఆ ఇరవై సెకన్ల మీద పాట వెయ్యకూడదని యార్డులో కట్టుబాటు.

"కొనేవాళ్ళు ఆ ముక్క వాళ్ళ మెకానిక్‌కి వినిపిస్తారండీ. పాట పెడితే వాళ్ళకి ఏం వినబడుతుంది?" అన్నారు ఓనరు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కొన్నేళ్ళ కిందట మా అన్నయ్య వేరే ఊళ్ళో ఒకరి దగ్గర ఫొటోలు చూసి కారు కొన్నాడు. ఫొటోల్లో అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చిన రెండో నెలకే లైట్లు ఆరిపోవడం, పవర్ విండోలు బిగుసుకుపోవడం మొదలైంది. మెకానిక్ సీటు బెల్టుని చివరిదాకా లాగితే, రోజూ బయటికి రాని భాగంలో ఎండిన బురద చార కనిపించింది. అది ఎక్కడో వరదలో మునిగిన బండి. వదిన నగలు పెట్టి తెచ్చిన డబ్బు అది. బండ్లు అమ్మే వీడియో అంటే నాకు వ్యాపారం ముచ్చట కాకపోవడానికి కారణం ఇదే. దూరాన ఉన్న మనిషికి అది కళ్ళు, చెవులు. ఆ కళ్ళకి గంతలు కడితే ఒక ఇల్లు నష్టపోతుంది.

కుర్రాడు డ్రైవరు డోరు దగ్గర మొదలుపెట్టి బండి చుట్టూ నింపాదిగా నడిచాడు. ప్రతి డోరూ తెరిచి, రబ్బరు బీడింగ్ వేలితో లాగి, దాని కిందున్న స్పాట్ వెల్డింగ్ చుక్కలు చూపించాడు. కంపెనీ వేసినవైతే అవి వరసగా, ఒకే ఎడంతో ఉంటాయి. టింకరింగ్ జరిగిన బండిలో ఆ వరస చెదురుతుంది. బానెట్ బోల్టుల మీద స్పానరు పడిన గుర్తులున్నాయా, రంగు ఎక్కడైనా లేచిందా అని దగ్గరగా తీశాడు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల మీద వేలు పెట్టాడు. 3221 అంటే 2021లో 32వ వారంలో తయారైన టైరు. బండి ముప్పై వేలే తిరిగిందని మీటరు చెబుతూ, నాలుగు టైర్లూ మార్చేసి ఉంటే అడగాల్సిన ప్రశ్న ఒకటుందన్నమాట.

వెనక బంపరు దగ్గరికి వచ్చేసరికి కెమెరా కాస్త వేగంగా జరిగిపోయింది. ఓనరు చెయ్యెత్తారు.

"ఒరేయ్ నాన్నా, గీత దగ్గర ఆగాలని చెప్పానా లేదా?"

"కనబడింది కదా బాబాయ్."

"నీకు కనబడింది. అవతల ఫోన్‌లో చూసేవాడికి కనబడాలి."

మళ్ళీ తీశారు. బంపరు ఎడమ మూల జానెడు పొడవున గీత. కుర్రాడు దాని పక్కన పది రూపాయల నాణెం పెట్టి, ఎంత ఉందో తెలిసేలా మూడు సెకన్లు ఆగాడు. ఆ మూడు సెకన్లలో ఆ యార్డు పద్ధతంతా నాకు కనిపించింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగాక ఈ వీడియోల్లో కొత్త భాగం చేరింది. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ముందు అడిగిన ప్రశ్న, నీళ్ళల్లో మునిగిన బండి కాదు కదా అనేనట. అందుకే ఇప్పుడు ప్రతి బండికీ సీటు బెల్టులు చివరిదాకా లాగి చూపిస్తారు. మ్యాట్లు ఎత్తుతారు. స్టెప్నీ తీసి దాని గుంటలో తుప్పు, మట్టి ఉన్నాయేమో లైటు వేసి తీస్తారు. కుర్రాడు డిజైర్ బెల్టు లాగుతుంటే నేను ఊపిరి బిగపట్టి చూశాను. శుభ్రంగా ఉంది.

టీ తాగుతూ కాగితాల సంగతి అడిగాను. నంబరు ఏపీ 16తో మొదలవుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి, అంతకుముందటి బండి అని నంబరే చెబుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అందుకే ఇలాంటి బండ్లకి ఇంకా అడిగేవాళ్ళున్నారు. పాత బండ్ల డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. రవాణాశాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. యజమాని బండి అప్పగించగానే ఫారం 29సీ ద్వారా ఆ సంగతి తెలపాలి. అప్పటి నుంచి బండికి బాధ్యత డీలరుదే. ట్రయల్, రిపేరు లాంటి పనులకి తప్ప రోడ్డు మీద తిప్పకూడదు, తిప్పిన ప్రతిసారీ రిజిస్టరులో ఎక్కించాలి. వీడియో చివర కుర్రాడు ఫైనాన్స్ క్లోజ్ అయిందా, చలానాలున్నాయా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నది చెబుతాడు. ఖమ్మం, సూర్యాపేట వైపు కొనేవాళ్ళకి ఎన్‌వోసీ తీసుకుని అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలని కూడా చెబుతాడు. ధర మొదటి నిమిషంలోనే చెప్పేస్తాడు.

"2016లో జియో రాకముందు మా బేరాలన్నీ ఈ చుట్టుపక్కలే" అన్నారు ఓనరు. "తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు మొహం తెలియనివాళ్ళు ఫోన్‌లో చూసి టోకెన్ వేస్తున్నారు. వీడియోకీ బండికీ తేడా ఉంటే టోకెన్ వెనక్కి ఇచ్చేస్తాం. క్లచ్చి బరువు, స్టీరింగ్ పక్కకి లాగడం, లోపల ముక్కవాసన, ఇవి వీడియోలో రావు కదండీ. అవి వచ్చి చూసుకోమంటాం." బండి అమ్ముడుపోయినా వీడియో తీసెయ్యరట. తర్వాత మాటా మాటా వస్తే ఇద్దరికీ సాక్ష్యం అదే.

తొమ్మిదింటికి పలాస నుంచి రాత్రి రైల్లో బయల్దేరిన ఒక పెద్దాయన వచ్చారు. జీడిపప్పు వ్యాపారం. మునుపటి వారం వీడియోలో చూసి, ఒక వెండిరంగు వ్యాగనార్‌కి టోకెన్ వేశారు. వెంట మెకానిక్ లేడు. చేతిసంచి కింద పెట్టి, ఫోన్‌లో వీడియో తెరిచి, బండి చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఎవరితోనూ మాట్లాడలేదు. డోరు దగ్గర ఆపి డోరు చూశారు. టైరు దగ్గర ఆపి, వంగి, అంకెలు చదివారు. కుడివైపు వెనక డోరు మీద చిన్న సొట్ట ఉంది. అక్కడ వీడియో ఆపి, తెర మీది సొట్టనీ బండి మీది సొట్టనీ మార్చి మార్చి చూశారు. బొటనవేలితో దాన్ని తడిమారు.

"ఇదే బాబూ, ఇదే" అన్నారు కుర్రాడితో, తెలిసిన మనిషి ఎదురైనట్టు. ఫోన్ జేబులో పెట్టుకుని, తాళాలకోసం చెయ్యి చాపారు.