ఓడల లెక్క

బెల్లం మార్కెట్టున్న ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. తూకమంటే నాకు గౌరవమే. కాని మొన్న మా కాలేజీ కుర్రాళ్ళు రెండు దేశాల నౌకాదళాలను తూచిన తీరు చూస్తే నవ్వొచ్చింది. విమానవాహక నౌకలు మనకు రెండు, పాకిస్తాన్‌కు ఒక్కటీ లేదు. అంచేత లెక్క తేలిపోయిందట! సంధులూ సమాసాలూ చెప్పుకునే మాస్టరుకు ఈ గొడవ ఎందుకని మీరనవచ్చు. అనకాపల్లి నుంచి విశాఖపట్నం 40 కిలోమీటర్ల లోపే. అక్కడి సముద్రం సంగతి మాకు చుట్టాలింటి కబురు లాంటిది.

1965లో ఇదే లెక్క వేసి చూడండి. మనకు విక్రాంత్ అనే విమానవాహక నౌక ఉండేది, వాళ్ళకు అటువంటిది లేదు. వాళ్ళకు గాజీ అనే జలాంతర్గామి ఉండేది, మనకు జలాంతర్గామే లేదు. తొలిది, కల్వరి, 1967 డిసెంబరులో గాని మనకు దక్కలేదు. ఏది గొప్ప? గజేంద్రమోక్షం విన్నవారికి వేరే చెప్పాలా?

1971 వచ్చేసరికి పెద్ద జలాంతర్గాములు చెరి నాలుగు. అయితే వాళ్ళ నాలుగింటిలో మూడు కొత్తవైనా, కరాచీలో బయలుదేరి సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా రాగలిగినది గాజీ ఒక్కటే. అదేమో 1944లో అమెరికాలో నీట దిగిన పాత ఓడ. మన విక్రాంత్‌కు బాయిలరు పగిలి వేగం తగ్గిపోయింది. దాన్ని అండమానుల్లో దాచి, తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక చేత విక్రాంత్ పేర వైర్‌లెస్ కబుర్లు పంపించారు. అంతకంటే ముచ్చటైన ఎత్తు మరొకటుంది: విమానవాహక నౌకకు సరిపడేటన్ని కూరగాయలూ మాంసమూ కావాలని విశాఖ కాంట్రాక్టర్లకు ఆర్డరిచ్చారు. బజారులో పొక్కిన మాట దాగుతుందా!

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరాన కిటికీ అద్దాలు గడగడలాడాయి. గాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్లనని మనవాళ్ళు, లోపలి పేలుడో తన మందుపాతరలో కారణమని వాళ్ళు. అందులో 90 మందికి పైగా పోయారు. ఆరు రోజులైనా కాలేదు, డిసెంబరు 9న అరేబియా సముద్రంలో వాళ్ళ హంగోర్ అనే జలాంతర్గామి మన ఖుక్రీని ముంచింది. కెప్టెన్ ముల్లాతో సహా 194 మంది. ఓడలు ఎవరివి ఎక్కువో ఆ ఇళ్ళలో ఎవరు లెక్క పెట్టి ఉంటారు?

మా అమ్మకప్పుడు పదమూడేళ్ళు. కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని, దీపం తగ్గించుకుని, గట్టిగా దగ్గడానిక్కూడా భయపడ్డారట; దగ్గు శత్రువిమానానికి వినిపిస్తుందని మా తాతమ్మ అభిప్రాయం!

పోయిన వేసవిలో అమ్మను విశాఖ బీచికి తీసుకెళ్ళి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి చూపించాను. అది కూడా 1971 నాటి నాలుగింటిలో ఒకటి. టార్పెడో గొట్టాల దగ్గర అమ్మ ఆగలేదు. వంటగది ముందు ఆగిపోయింది. మన దేవుడి గదికంటే చిన్నది.

"ఇందులోనే అందరికీ వండేవారా, నాయనా?" అని గైడుని అడిగింది.

"75 మందికి వండేవాళ్ళమ్మా."

అమ్మ చేత్తో ఆ గోడ తడిమి, నా వైపు తిరిగి మెల్లగా అంది:

"ఆ గాజీలోనూ ఇలాంటిదే ఉండి ఉంటుంది కదురా?"

వెనక జనం తోస్తున్నారు. గైడు తరువాతి గదిలోకి దారి చూపించాడు.