కోళ్ల తరఫున ఓ ఉత్తరం

ఆర్గానిక్ గుడ్లంటే అమ్మమ్మగారి పెరట్లో కోళ్లలా తిరిగే కోళ్లవని నమ్మి, రెట్టింపు ధర పెట్టి కొంటాం. కొన్ని పెద్ద ఫారాల్లో వాటి ‘ఆరుబయలు’ అంటే పైకప్పున్న వరండానే!

2022 ఆగస్టులో అమెరికా వ్యవసాయ శాఖ ఈ నిబంధన మారుస్తామంటూ అభిప్రాయాలడిగింది. హెచ్‌4 వీసావాళ్లకు ఓటెక్కడిది? దీనికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు. నేనూ రాశాను. ఈకల్లో జిడ్డు, పేలు వదిలించుకోవడానికి కోడి మట్టిలో పొర్లాలి; జువాలజీ చదువు అక్కరకొచ్చింది. ‘‘కోళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నావా?’’ అని మావారు నవ్వారు.

2023 నవంబరులో తుది నిబంధన వచ్చింది. వరండా ఇక ఆరుబయలు కాదు. కానీ, అప్పటికే ఉన్న గుడ్ల ఫారాలకు బయటి స్థలం చూపడానికి 2029 జనవరి దాకా గడువట. ఫారంలో గుడ్ల కోడిని ఉంచేదే సుమారు రెండేళ్లు.