కరెంటు గిటార్‌కి గోదావరి గమకం

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీది గది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి పైకెక్కాలి. గోడకి వరసగా తగిలించిన మామూలు గిటార్లు, కిటికీ పక్కన కీబోర్డు, మూలన నల్లటి చిన్న యాంప్. మేం వెళ్లేసరికి ఇంటర్ చదివే కుర్రాడొకడు ఎర్ర రంగు ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా ఒక్క తీగా మీటలేదు. యాంప్‌లోంచి మాత్రం సన్నగా రొద వస్తోంది. తీగల మీద అరచెయ్యి ఆనిస్తే తగ్గుతోంది, చెయ్యి తీస్తే మళ్లీ లేస్తోంది. మాస్టారు పాఠం మొదలుపెట్టలేదు. “అది ఎక్కణ్నించి వస్తోందో చెప్పు చూద్దాం” అన్నారు.

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలనుకునేవాళ్లు అక్కణ్నించి మొదలుపెట్టడమే సబబు. మామూలు గిటార్‌కి బోలు పొట్ట ఉంటుంది, నాదం అందులోనే పెరుగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌ది చాలావరకు గట్టి చెక్క. కరెంటు లేకుండా వాయిస్తే పక్కగదిలోకి కూడా వినపడదు. తీగల కింద ఉండే పికప్‌లోనే ఉంది పనంతా. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగిచుట్టలో కరెంటు పుడుతుంది, ఆ పిసరంత కరెంటును యాంప్ పెంచి స్పీకర్‌కి పంపుతుంది. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ వాటిని పట్టించుకోదు. 1932లో అమెరికాలో, తర్వాత రికెన్‌బాకర్‌గా పేరుపడ్డ కంపెనీ ‘ఫ్రయింగ్ పాన్’ గిటార్‌ను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచీ మూలసూత్రం ఇదే.

రొద సంగతికొస్తే, మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్‌ది. తీగలు కంపించకపోయినా, ఒకే చుట్ట ఉన్న పికప్ ఇంట్లో వైర్ల చుట్టూ ఉండే ఆ అలజడిని కూడా పట్టేస్తుంది. మనిషి ఒళ్లు కూడా దాన్ని పట్టి గిటార్‌కి అందిస్తుంది. తీగల్ని ముట్టుకుంటే ఒళ్లు ఎర్త్‌తో కలుస్తుంది, రొద తగ్గుతుంది. ఈ చిక్కు విరగడ కావడానికే 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ‘హంబకర్’ తయారుచేశాడు. దాంట్లో రొద రొదను కొట్టేసుకుంటుంది, తీగ నాదం మాత్రం మిగులుతుంది. మాస్టారు ఇదంతా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. చివర్లో యాంప్ ప్లగ్ పీకి, మూడో పిన్ను చూపించారు. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఎలక్ట్రిక్ గిటార్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. ఈ జాగ్రత్త ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలి. గిటార్ తీగలన్నీ ఎర్త్ వైరుకే కలిసి ఉంటాయి, చేతులు ఎప్పుడూ వాటి మీదే ఉంటాయి. తేడా వస్తే షాకు తిన్నగా చేతికే.

ఈ గదికి వచ్చేవాళ్లలో రకరకాల మనుషులున్నారు. ఆదివారం ప్రార్థనలో పాటలకి గిటార్ పట్టే అమ్మాయి, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో ఊళ్లు తిరిగే కుర్రాళ్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయనకి ఇళయరాజా పాటల్లో వచ్చే గిటార్ బిట్లంటే ప్రాణం. యాభై దాటాక వేళ్లు వంగుతాయా అని అనుమానపడుతూ వచ్చారట. అకౌస్టిక్ గిటార్ మీద వేళ్ల చివర్లు మండి మానేద్దామనుకుంటే, మాస్టారే ఎలక్ట్రిక్‌కి మార్చారు. తేడా తీగ మందంలోనే ఉంది. అకౌస్టిక్ గిటార్‌కి సాధారణంగా వేసే పైస్థాయి తీగ 0.30 మిల్లీమీటర్లుంటే, ఎలక్ట్రిక్‌కి చాలామంది వేసేది 0.23 మిల్లీమీటర్లది. తీగలు మెడ మీది మెట్లకి బాగా దగ్గరగా కూడా ఉంటాయి. “ముందు అకౌస్టిక్ నేర్చుకోండి, ఎలక్ట్రిక్ తర్వాత” అని ఊరంతా ఇచ్చే సలహాలో మాకు పస కనిపించలేదు. ఎవరికి ఏ నాదం మీద మనసుందో దాంతోనే మొదలుపెట్టాలి. సాధన నిలబడేది అప్పుడే.

ఇక్కడ తొలి పాఠం కార్డులు కాదు, సరళీ స్వరాలు. అన్నింటికన్నా లావు తీగ ఒక్కటే తీసుకోవాలి. మెట్టు నొక్కకుండా మీటితే షడ్జం. ఒకటో మెట్టు రిషభం, నాలుగు గాంధారం, అయిదు మధ్యమం, ఏడు పంచమం, ఎనిమిది ధైవతం, పదకొండు నిషాదం, పన్నెండు మళ్లీ షడ్జం. మన పిల్లలందరూ పాటల క్లాసులో మొదట పాడే మాయామాళవగౌళ ఇదే. బ్యాంకు ఉద్యోగి కళ్లు మెట్ల మీదే పెట్టి, పెదాలు కదుపుతూ ఆరోహణ ముగించారు. మాస్టారు ఆయన్ని ఆపి, “ఇప్పుడు చేతులు తీసేసి పాడండి” అన్నారు. పాడారు. గాంధారం కాస్త కిందికి జారింది. మళ్లీ పాడించి, అప్పుడు వాయించమన్నారు. రెండోసారి ఆ మెట్టు మీద వేలు స్థిరంగా, గట్టిగా పడింది.

తర్వాత మాస్టారు ఫోనులో ఒక పాట పెట్టారు. 1962లో కాలిఫోర్నియాలో డిక్ డేల్ అనే గిటారిస్టు రికార్డు చేసిన ‘మిసిర్లూ’. 1994లో వచ్చిన ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా చూసినవాళ్లకి ఆ మోత బాగా తెలుసు. తూర్పు మధ్యధరా తీరాల్లో తిరిగిన పాత బాణీ అది. డేల్ తండ్రిది లెబనాన్ మూలం. చిన్నప్పుడు ఇంట్లో విన్న బాణీని ఆయన లావు తీగ మీద పిక్కుతో ఊపిరాడనంత వేగంగా వాయించాడు. ఆ బాణీ నడిచే స్వరాల వరస మన మాయామాళవగౌళదే. అదే తీగ, అవే మెట్లు. ఇంటర్ కుర్రాడు నమ్మలేనట్టు మెట్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ పూట ఇక వాణ్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

కొనడం గురించి అడిగితే మాస్టారు మమ్మల్ని మెయిన్ రోడ్డులో ఒక కొట్టుకి తీసుకెళ్లారు. తబలాలు, డోలక్‌లు, హార్మోనియంలు, కీబోర్డులు, వాటి మధ్య కోల్‌కతా తయారీ అకౌస్టిక్ గిటార్లు. ఎలక్ట్రిక్‌వి ఒకటో రెండో. మిగతావి కావాలంటే విజయవాడో హైదరాబాదో వెళ్లాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. యమహా పసిఫికా, స్క్వైర్, ఐబనెజ్ జియో, కోర్ట్ లాంటి తొలిమెట్టు గిటార్లు ఇరవై వేల అటూ ఇటూ ఉంటాయి. యాంప్, కేబులు, బెల్టు అదనం. ఇంటికి పది, పదిహేను వాట్ల యాంప్ చాలు. పెద్ద యాంప్ కొంటే ఎప్పుడూ సౌండ్ తగ్గించే వాయించాలి, అప్పుడు దాని అసలు రుచి రాదు.

పెట్టెలోంచి తీసిన గిటార్‌ను మాస్టారు ముందు వాయించలేదు. కంటి ఎదురుగా తుపాకీలా పట్టి మెడ వంపు చూశారు. ఒకటో మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా తీగ నొక్కిపట్టి, మధ్యలో తీగకీ మెట్టుకీ సందు ఎంతుందో చూశారు. కాగితం దూరేంత ఉంటే మంచిదే. ఎక్కువుంటే మెడలోపలి ఇనపకమ్మీని పావు చుట్టు బిగించాలి. తర్వాత ప్రతి తీగా ప్రతి మెట్టు మీదా మీటి, ఎక్కడైనా గరగరమంటోందేమో విన్నారు. చివరగా, తీగను నొక్కకుండా మీటిన స్వరం, పన్నెండో మెట్టు మీది స్వరం ట్యూనర్‌లో సరిపోతున్నాయా అని చూశారు. ఈ చూపు లేకుండా రంగు చూసి కొనేసిన గిటార్లే ఆర్నెల్లకి మంచం కిందికి చేరతాయి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఎక్కువ. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడవకపోతే వానాకాలంలో తొందరగా తుప్పు పడతాయి. “ఆయ్, గుడ్డ నేనే ఇస్తానండి, ఫ్రీ” అన్నాడు కొట్టాయన.

ముందు పాడి తర్వాత వాయించే పద్ధతి ఎక్కడిదని మాస్టారిని అడిగితే, ఆయన పాలకొల్లు పేరు చెప్పి కారెక్కారు. రావులపాలెం దగ్గర గౌతమి దాటి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, పెనుగొండ, మార్టేరు మీదుగా కాలవగట్ల వెంట వెళ్తే పంచారామాల్లో ఒకటైన క్షీరారామ గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. ఆ ఊళ్లో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను ప్రపంచం మాండలిన్ శ్రీనివాస్‌గా ఎరుగుతుంది. ఎలక్ట్రిక్ తీగవాద్యం అంటే పరాయిదనుకునే గోదావరి పిల్లలకి ముందుగా చెప్పాల్సిన పేరు ఆయనదే.

తండ్రి సత్యనారాయణ వాయించే మాండలిన్‌ను శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో చేతపట్టాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు పిల్లవాడి చెయ్యి చూసి శిష్యుడిగా తీసుకున్నారు. సుబ్బరాజు కర్ణాటక సంగీత గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. అందుకని పాడి వినిపించేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద పట్టుకునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల, గొంతులో ఊగిన ప్రతి ఊపుకీ తనే వేలు వెతుక్కోవాల్సి వచ్చింది. గిటార్ వాయించే వాసూరావు అదే రోజుల్లో ఆ పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు.

మాండలిన్‌తో అసలు ఇబ్బంది ఎక్కడంటే, మామూలు వాద్యానికి ఎనిమిది తీగలు, రెండేసి జంటగా. గమకం కోసం పక్కకి లాగితే జంటలోని రెండు తీగలూ సమంగా కదలవు, శ్రుతి చెదురుతుంది. పైగా మీటిన నాదం చప్పున ఆరిపోతుంది. ఆలాపనలో ఒక స్వరం మీద నిలవాలంటే కుదరదు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటితీగలు పెట్టుకున్నారు, మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చారు, గట్టిచెక్క వాద్యానికి పికప్ పెట్టుకున్నారు. ఇక మెల్లగా మీటినా చాలు, నాదం నిలిచేది, తీగ మీద వేలు జారిస్తే వీణలా పలికేది. కచేరీ వేదిక మీద కరెంటు వాద్యమా అని ముఖం చిట్లించినవాళ్లు ఉన్నారు. వయొలిన్ కూడా ఒకప్పుడు అలా వచ్చి మనదైపోయిందే. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ పక్కన కూర్చున్నారు. మెక్‌లాఫ్లిన్ కథ దీనికి ఎదురుదిశలో నడిచింది. 1970లలో తొలి ‘శక్తి’ బృందం కోసం ఆయన తన గిటార్‌కి మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నారు, వీణలోలాగా తీగను లాగడానికి. అడుగున అనునాదంగా మోగే తీగలు అడ్డంగా వేయించుకున్నారు. ఇంగ్లండులో పుట్టిన గిటారిస్టూ, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ పిల్లవాడూ ఒకే గమకం కోసం తమ వాద్యాల్ని కోసి, తొలిచి, మార్చుకున్నారు. ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన డెల్టా పిల్లలు ఈ ఇద్దరినీ కలిపి వినాలి. 2000లో వచ్చిన ‘ద బిలీవర్’ ఆల్బమ్‌తో మొదలుపెడితే బాగుంటుంది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. తమ్ముడు రాజేష్ మాండలిన్ వాయిస్తున్నారు. వెదురుపాకకి చెందిన సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ మాండలిన్ నేర్చుకున్నది శ్రీనివాస్ దగ్గరే.

పాలకొల్లులో మాస్టారి పాత శిష్యుడొకడు మాకు టీ ఇచ్చాడు. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. తాతగారి నాటి ఎనిమిది తీగల మాండలిన్ అటక మీంచి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. బిరడాలు గట్టిగానే ఉన్నాయి, తీగలు మాత్రం తుప్పు పట్టి పనికిరాకుండా ఉన్నాయి. కొత్తవి ఎనిమిదీ వేద్దామా, అయిదే వేద్దామా అన్నది గురుశిష్యుల చర్చ. అయిదే వేస్తే మూడు బిరడాలు ఖాళీగా ఉంటాయి, దానికి నష్టం లేదు. తీగలు పట్టే గాళ్లు మాత్రం పైన ఎముక పట్టీ మీదా, కింద గుర్రం మీదా కొత్తగా కోయించాలి. పాత గాళ్లు చెడిపోకుండా వేరే పట్టీ చేయిద్దామన్నారు మాస్టారు. అంటించే పికప్ ఒకటి ఆన్‌లైన్లో చవకలోనే దొరుకుతుంది. అయిదో తీగకి గిటార్ తీగల సెట్లోంచి ఏది తీయాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. శిష్యుడు సన్నది చాలన్నాడు, అంత పొట్టి మెడ మీద సన్న తీగ మంద్రానికి వదులైపోతుందని మాస్టారన్నారు. రెండూ వేసి చూద్దామని, ముందుగా శ్రీనివాస్ రికార్డు ఒకటి విని ఆయన షడ్జం ఎక్కడ పెట్టుకున్నారో పట్టుకోమని శిష్యుడికి పని అప్పజెప్పారు.